చెంప మీది టేపు

మార్చి 3, మంగళవారం

పాప చెంప ఊడింది. మొత్తం కాదు, చిటికెనవేలి గోరంత. ముక్కులో వేసిన పాలగొట్టం జారకుండా అంటించిన టేపు తీస్తుంటే దాంతోపాటు చర్మం వచ్చేసింది. పాప ఏడవలేదట. ఏడ్చే ఓపిక దానికింకా రాలేదు. నోరు మాత్రం తెరిచిందట. ఫెతు అక్క పాపను ఉంచిన అద్దాల పెట్టె పక్కనే నిలబడి తన బిడ్డను అలా చూసింది. నేను వెళ్లేసరికి ఆ చోటు ఎర్రగా, తడిగా మెరుస్తోంది.

ఏడో నెల నిండకుండా పుట్టిన పిల్ల. ఆ చర్మం తడిసిన కాగితంతో సమానమని నాకు తెలుసు. అక్కను ఆసుపత్రిలో చేర్చిన రోజు నుంచి మా యూనియన్ ఆఫీసులోనూ లైబ్రరీలోనూ దొరికిన ప్రతి కరపత్రం చదివాను. టేపును ముందు తడపాలి. పైకి లాగకూడదు. చర్మానికి ఆనించి వెనక్కి మడుస్తూ తీయాలి. పసిపిల్లల కోసం మెత్తటి టేపు వేరే ఉంటుంది. ఒక్క పేజీ కాగితం. అది చదివే తీరిక ఆసుపత్రిలో ఎవరికీ లేదా?

తీసింది సోలినా అనే నర్సు. వరండాలో తల్లులందరి ముందూ ఆమెను అడిగాను. అడగడం కాదు, అరిచాను. ఉమూ పొయ్యిలో కాలిన రాళ్ల మీద పెట్టేముందు పందిపిల్లకి బొచ్చు గీకినట్టు గీకావు, నువ్వు నర్సువా కసాయిదానివా అన్నాను. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

నిజం చెప్పేటప్పుడు గొంతు పెరుగుతుంది. అందులో తప్పేముంది.

మార్చి 4, బుధవారం

సోలినా పక్క ఊరి పాస్టరు గారి కూతురట. అయితే ఏంటి.

మార్చి 5, గురువారం, మధ్యాహ్నం

డాక్టరును నిలదీశాను. తప్పెవరిదో చెప్పండి అన్నాను. బాబూ, ఆ వయసు చర్మం అంతే, ఎవరు తీసినా ఊడొచ్చు అన్నాడు. మరి మెత్తటి టేపు ఎందుకు లేదన్నాను. న్యూజిలాండ్ నుంచి దానంగా వచ్చిన పెట్టెల్లో పెద్దవాళ్ల టేపే వచ్చిందట. ఏది వస్తే దాంతోనే నెట్టుకు రావాలట. పైగా అది జరగడానికి ముందు రోజు గొట్టం రెండుసార్లు జారిందట. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్ల దక్కదని భయపడి సోలినాయే గట్టిగా అంటించిందట. అయితే అంటించడం తప్పా, అంటించకపోవడం తప్పా అన్నాను. నువ్వే చెప్పు నాయనా అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఇలాగే తప్పించుకుంటారు. అంతా సిస్టమ్ తప్పే. పెట్టెలు పంపినవాళ్లది తప్పు, మంత్రిది తప్పు. కానీ ఆ రోజు వాళ్లెవరూ వరండాలో లేరు. ఆమె ఉంది.

మార్చి 7, శనివారం

అక్క ఫోన్ చేసింది. ఇప్పుడు గొట్టం రెండో చెంపకు అంటించారు. ఆ టేపు పాలతో తడిసి ముద్దయింది, మార్చమని డాక్టరు రాసి పెట్టాడు. ఎవరూ మార్చడం లేదు. పొద్దుటి నర్సు సాయంత్రం వాళ్లు చూస్తారంది. సాయంత్రం వాళ్లు పొద్దున చూద్దాం అన్నారు. ఒకావిడ దాపరికం లేకుండా చెప్పేసిందట. అమ్మా, మేం ముట్టుకుంటే మీ తమ్ముడొచ్చి మమ్మల్ని కూడా కసాయివాళ్లలో కలుపుతాడు, ఎందుకొచ్చిన గొడవ అందట. సోలినా అడిగి మరీ వేరే వార్డుకు వెళ్లిపోయింది.

టేపు అంచున పసుపుగా ఏదో కనిపిస్తోందట. కింద పుండు పడి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే ఇంత పిల్ల తట్టుకోదని డాక్టరే అన్నాడట.

అక్క నన్ను తిట్టలేదు. తమ్ముడూ, నువ్వు కొన్నాళ్లు ఇటు రాకురా అంది. అంతే.

అక్క అంటే కంటిపాప అని చెప్పి పెంచారు నన్ను. ఆ కంటిపాప కోసమే కదా అరిచాను. ఇప్పుడు ఆమె బిడ్డను ముట్టుకునే చెయ్యి లేకుండా చేశానా? లేక వాళ్లు పిరికివాళ్లా? రెండూనా?

మార్చి 8, ఆదివారం

చర్చి నుంచి వచ్చి భోజనం చేశాం. మా కుటుంబానికి పెద్ద లవేయా మావయ్యే. కొబ్బరిపాల ఆకుకూర ఆఖరి ముద్ద తిని, వేళ్లు తుడుచుకుని, రేపు తెల్లారుజామున ఇఫోగా అన్నాడు. చాప కప్పుకుని, క్షమించమని పాస్టరు గారి గుమ్మం ముందు తల వంచి కూర్చుంటామట.

అది హత్యలు చేసినవాళ్లు చేసే పని అన్నాను. నువ్వూ చంపావు, ఆ నర్సు పిల్ల పేరు చంపావు, అదీ పదిమంది తల్లుల ముందు అన్నాడు. మనిషి అధికారం ముందు మోకరిల్లకూడదని యూనియన్ కరపత్రంలో చదివానన్నాను. నీ కరపత్రానికి మోకాళ్లు లేవురా, నాకున్నాయి, అవీ వాచిపోయిన మోకాళ్లు, అయినా వస్తున్నాను, నోరు మూసుకుని చాప మొయ్యి అన్నాడు. అమ్మ నవ్వింది. అందులో నవ్వడానికేముందో నాకర్థం కాలేదు.

సోలినా అధికారమా? ఆమె కూడా జీతానికి పనిచేసే మనిషే. నేను ఆమె పక్షాన ఉండాల్సినవాణ్ని. మరి పాప పక్షాన ఎవరుండాలి? నా పుస్తకాల్లో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

మార్చి 9, సోమవారం

చీకటి ఉండగానే వెళ్లి గడ్డిలో కూర్చున్నాం. మావయ్యా నేనూ ఒకే చాప కింద. అమ్మమ్మ పెళ్లినాటి సన్నచాప. పట్టులా ఉంటుంది గానీ కింద గాలాడదు. వాళ్లు క్షమిస్తే చాప తీస్తారు. క్షమించకపోతే పూర్వం గొడ్డళ్లతో వచ్చేవాళ్లు. పాస్టరు కదా, గొడ్డలి బదులు ప్రసంగం ఎత్తుకుంటాడు, దానికీ సిద్ధంగా ఉండు అని మావయ్య గొణిగాడు. కుక్కొకటి వచ్చి నా మడమ నాకింది. లోపల ఎవరో నూనెలో పిండి ఉండలు వేయిస్తున్నారు. ఆ వాసనకు మావయ్య కడుపు గురగురలాడింది. వాన పడింది, ఆగింది. తర్వాత ఎవరో గుమ్మంలోకి వచ్చి, అమ్మాయి రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంది, లేపలేం, కూర్చోండి అన్నారు. కూర్చున్నాం.

చాప కింద నా కోపం తగ్గలేదు. పాప చెంప ఊడడం నిజం. నేను అన్న మాట తప్పు, అదీ నిజం. మావయ్యా నేనూ కూర్చున్నట్టే అవి రెండూ ఒకదాన్నొకటి కదలనివ్వకుండా ఇరుక్కుని కూర్చున్నాయి.

పాస్టరు గారే వచ్చి చాప తీశారు. మావయ్యను చెయ్యి పట్టి లేపారు. లోపలికి తీసుకెళ్లి కోకో ఇచ్చారు. ఆ తర్వాత సోలినా జుట్టు ముడి వేసుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. క్షమించడం నాన్న పని, నాన్న చేసేశారు అంది. చేతులు మాత్రం నావి, ఆ పెట్టె దగ్గరికి వెళ్తే వణుకుతున్నాయి, వణికే చేత్తో ఆ పిల్లను ముట్టుకోను అంది. మరి టేపు ఎవరు తీస్తారన్నాను. నా గొంతు మళ్లీ పెరిగింది. మావయ్య నా తొడ గిల్లాడు. తల్లి తీస్తుంది, నేను పక్కన నిలబడి చెప్తాను అంది సోలినా.

లేచి వెళ్తూ, అవునూ, నువ్వెప్పుడైనా పందిపిల్లకి బొచ్చు గీకావా అని అడిగింది. లేదు, మా ఇంట్లో అది అన్నయ్యల పని అన్నాను. అనుకున్నాలే అంది.

అదే రోజు, సాయంత్రం

ఇంతకీ దేనికి క్షమాపణ చెప్పాను? మాటకా, గొంతుకా?

మార్చి 10, మంగళవారం

నన్ను వార్డులోకి రానిచ్చారు. పాప తల కదలకుండా పట్టుకోమంది సోలినా. నా అరచేతిలో సగం కూడా లేదు. అక్క గోరువెచ్చటి నీళ్లతో టేపు తడిపింది, ఆగింది, మళ్లీ తడిపింది. ఎంత నెమ్మదిగా తీయాలో అంత నెమ్మదిగా తీసింది. కింద చీము లేదు. చివర్లో కొంచెం చర్మం టేపుతో పాటే వచ్చేసింది.

గదిలో అందరూ నా వైపు చూశారు.

నేను పాప తల పట్టుకునే ఉన్నాను.