చిలగడదుంపల మడి, థర్టీ-థర్టీ

ఆగస్టు 12, శనివారం

ఇందుమూలముగా తూర్పు టెక్సస్ సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా: టార్ప్లీ వారి పెరటిలోని చిలగడదుంపల మడి నేటి నుండి పవిత్ర స్థలముగా ప్రకటించబడినది. చెప్పులతో గానీ బూట్లతో గానీ అందులో కాలు మోపిన వారు మనుష్యులైననూ, కుక్కలైననూ, సొంత బావగారైననూ సరే, ఈ ఏడు నా దుంప ముక్క నోట పెట్టరాదు. ఇట్లు, కౌంటీ సంతలో మూడేళ్లుగా మొదటి బహుమతి నీలం రిబ్బన్ కొడుతున్న ట్వైలా టార్ప్లీ.

రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మా ఆయన రాయిస్ చదివాడు. నవ్వలేదు. మునుపైతే బురద బూట్లేసుకుని పనిగట్టుకుని మడి మధ్యలోంచి నడిచేవాడు.

మార్చిలో స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి లేస్తుంది గానీ వేళ్లు పట్టవు. మాటలు గొంతులో ఇరుక్కుంటాయి. బూతులు మాత్రం ఇరుక్కోవు, నున్నగా జారి వస్తాయి. తలలో బూతులకి వేరే గది ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. రాయిస్‌కి అది పెద్ద హాలే అయి ఉంటుంది. కానీ తిట్టడానికైనా మనిషికి కోపం రావాలి కదా. రావడం లేదు. కుర్చీలో వాలి, సౌండ్ తీసేసి, చేపలు పట్టే కార్యక్రమాలు చూస్తాడు.

సాయంత్రం బావగారు వచ్చారు. రాయిస్ అన్న, పేరు డబ్. అడవిలో జింకల వేట క్యాంపు ఆయనదే. నవంబరు మొదటి శనివారం వేట సీజన్ మొదలు, సామాను సర్దుకుంటున్నావా అని అడిగారు. నా మంచె ఇంకొకరికి ఇచ్చెయ్, అన్నాడు రాయిస్. ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి చాలాసేపు పట్టింది. బావగారు ఇంటి కప్పు కేసి చూశారు. సరేలే తమ్ముడూ, నీ ఇష్టం అన్నారు.

అదీ నా బాధ. ఇప్పుడు ఎవరూ రాయిస్‌తో పోట్లాడరు. అందరూ చేతిలో గుడ్డు పట్టుకున్నట్టు మాట్లాడతారు.

వాడి పాత రైఫిల్ అలమారలో ఉంది. దాని బోల్ట్ పిడి కుడివైపు ఉంటుంది, కుడిచేత్తోనే గుంజాలి. మే నెలలో ఒకసారి బయటికి తీసి ప్రయత్నించాడు. నేను తలుపు వెనక ఉన్నాను. ఉన్నానని ఇప్పటికీ చెప్పలేదు.

ఆగస్టు 13

మడిలో అడవి పంది పడింది. సగం తిరగబడింది. దుంపలు ఇంకా వేలెడంతే.

ఆగస్టు 14

పొద్దున వేడి బిస్కెట్ రొట్టెల మీద గ్రేవీ పోస్తూ ప్రకటించాను: నేను రైఫిల్ కొంటున్నాను. ఆ పందిని నేనే చంపుతాను, సీజన్ వచ్చాక జింకనీ కొడతాను, రెండింటికీ పనికొచ్చేది ఒక్కటే కావాలి.

రాయిస్ తలెత్తాడు. నువ్వా, అన్నాడు.

ఒక్క మాటే. కానీ అందులో పాత రుచి ఉంది. నిజానికి నా యాభై రెండేళ్ల బతుకులో జింక మీదికి కాల్చిందే లేదు. క్యాంపులో నా పని వంటా, కత్తెరా. కత్తెర అంటే, జింకని గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి, పేరూ తేదీ రాసి గోడకి మేకు కొడతాం. పాతికేళ్లుగా ఆ కత్తెర నా చేతిదే.

లీవర్ తుపాకీ తీసుకుంటా, కౌబాయ్‌లా వేలికి తగిలించి గిరగిరా తిప్పుతా అన్నాను. లీవర్ తుపాకీలంటే రాయిస్‌కి మొదట్నుంచీ మంట. గుర్రం లేనివాడికి ఆ బొమ్మ ఎందుకనేవాడు. ఇవాళ ఒక బూతు తిట్టాడు. పొడుగాటిది. ఎక్కడా ఇరుక్కోలేదు.

నేను పొయ్యి వైపు తిరిగి గ్రేవీ కలుపుతూ ఉండిపోయాను. గ్రేవీ అయిపోయి చాలాసేపయింది.

ఆగస్టు 19

పాత వేట పత్రికలు ముందేసుకుని కావాలని తప్పుడువి ఎంచాను. మొదట ఫార్టీ ఫైవ్-సెవెంటీ అన్నాను. దాని తూటా నా బొటనవేలంత ఉంటుంది. భుజం ఊడి పక్కింటో పడుద్ది, నువ్వు కొట్టేది జింకనా ఏనుగునా అన్నాడు. తరవాత గులాబీ రంగు కర్ర ఉన్న పొట్టి తుపాకీ చూపించి, నా చర్చి గౌనుకి నప్పుతుందన్నాను. దానికి వాడన్నది ఇక్కడ రాయను. మూడోది చాలా అందమైన పాతకాలపుది. ఖాళీ తూటాలు పైకి ఎగిరి నెత్తిన పడతాయే, పైన స్కోప్ ఎక్కడ బిగిస్తావే, నీ కళ్లకి స్కోప్ లేకపోతే ఆవు కూడా పందిలాగే కనిపిస్తుంది కదే అన్నాడు.

ఆఖరికి పెన్సిల్ ఎడమచేత్తో పట్టుకుని పత్రిక అంచున 30-30 అని తూటా కొలత రాశాడు. అంకెలు బడిలో వేసిన కొత్త పిల్లాడివిలా ఉన్నాయి. మన పైన్ చెట్లలో వంద గజాలు దాటి ఏదీ కనపడదు, జింకకి ఇది చాలు, భుజం వెనక కొడితే పందికీ చాలు, ఖాళీ తూటా పక్కకి పోయే రకం తీసుకో, అని చెప్పాడు. ఆగి ఆగి చెప్పాడు. అయినా మొత్తం చెప్పాడు. మార్చి తరవాత ఇంత మాట ఇదే.

అర్థం కాలేదు, మళ్లీ చెప్పు అన్నాను. గాడిదా అని మొదలెట్టి మళ్లీ చెప్పాడు. ముప్పై ఏళ్ల కాపురంలో గాడిద అనిపించుకుని నేనింత సంతోషించింది లేదు.

ఆగస్టు 26

దాణా దుకాణం వెనక తుపాకుల కౌంటరు. అక్కడుండే ఇమోజీన్ పిన్ని చిన్నప్పుడు రాయిస్‌కి ఆదివారం బడిలో పాఠాలు చెప్పింది. రెండు పూటలా బెత్తంతో కొట్టినా వీడికి పది ఆజ్ఞల్లో నాలుగే వచ్చాయని ఇప్పటికీ అంటుంది. ఇవాళ అనలేదు. ఎలా ఉన్నావు బంగారం అంది. బంగారమట! రాయిస్ మొహం ముడుచుకుంది.

ఆమె థర్టీ-థర్టీ ఒకటి తీసి పెట్టింది. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న లీవర్‌ని కిందికి తోసి పైకి లాగాలి. నేను లాగి వేలు నలగ్గొట్టుకున్నాను. ఇది మాత్రం నటన కాదు. ఇట్లా కాదే మొద్దూ, అని రాయిస్ దాన్ని లాక్కున్నాడు. కుడి ముంజేతిని కింద దన్నుగా పెట్టాడు, ఎడమచెయ్యి లీవర్‌లో దూర్చాడు. చక్, చక్.

లీవర్ నడిమధ్యన ఉంటుంది. ఏ చెయ్యని అడగదు.

వాడు ఆగిపోయి తన ఎడమచేతి వంక చూసుకున్నాడు. పిన్ని ఏదో జాలిగా అనబోయింది. నేను గట్టిగా దగ్గాను.

తరవాత ఉత్తుత్తి తూటాలు ఎక్కించడం దగ్గర పడింది దెబ్బ. కుడి పక్కన చిన్న కంత, దానికి గట్టి స్ప్రింగు, తూటాని బొటనవేలితో నొక్కి తొయ్యాలి. అలవాటు చొప్పున రాయిస్ కుడిచెయ్యి పెట్టాడు. తూటా జారి కుక్క మేత బస్తాల కిందికి దొర్లింది. రెండోదీ దొర్లింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. తుపాకీ కౌంటరు మీద పెట్టేసి, పద పోదాం అన్నాడు.

ఇప్పుడు ఇంటికెళితే మళ్లీ ఆ కుర్చీలోంచి లేవడు.

నేను తుపాకీ అందుకుని గోల మొదలెట్టాను. పిన్నీ, ఇదేం కంత, వేలు పెడితే నా గోరు విరిగిపోదూ, రేపు చర్చికి ఏ మొహం పెట్టుకుని పోను, తూటాలు ముందునుంచి జారవిడిచే రకం లేదా అన్నాను. బడి వంటింట్లో గంగాళాలు తోమే దాన్ని, నాకు విరగడానికి గోరెప్పుడుంది? పిన్ని నా వేళ్ల వంక చూసింది. నా మొహం వంక చూసింది. లోపలికెళ్లి ఇంకోటి తెచ్చింది. గొట్టం కిందున్న ఇత్తడి నాళం పైకి లాగి, తూటాలు ఒక్కొక్కటే జారవిడిచి, నాళం మళ్లీ లోపలికి నెట్టాలి.

రాయిస్ కాసేపు చూశాడు. ఎడమచేత్తో ఒకటి వదిలాడు. ఇంకోటి. ఏదీ కింద పడలేదు.

ఇది తీసుకో, నీ గోళ్లకి బాగుంటుంది, అన్నాడు. అంటూ నా వంక చూడలేదు.

ఆగస్టు 27

రైఫిల్‌ని రాత్రి మంచానికి నా వైపు గోడకి ఆనించాను. తెల్లారేసరికి వాడి వైపు గోడకి ఉంది.

సెప్టెంబరు 9

పచ్చికబీట్లో గురి నేర్చుకోవడం. నేను డబ్బా తప్ప అన్నీ కొట్టాను. పక్కోళ్ల ఆవులకి బీమా చేయించమని చెప్పొస్తా, అన్నాడు. ఎలా పట్టుకోవాలో చూపిస్తానని కంచె గుంజ మీద ఆనించి ఎడమ భుజానికి పెట్టుకున్నాడు. రెండు గుళ్లు మట్టిలోకి పోయాయి. మూడోదానికి డబ్బా ఎగిరింది.

పెట్టెడు తూటాలూ వాడే కాల్చాడు. నువ్వు దండగ, కూర్చుని చూడు అన్నాడు. కూర్చున్నాను. చూశాను.

సెప్టెంబరు 23

పంది మళ్లీ వచ్చింది. మిగిలిన మడి కూడా పోయింది. ఈ ఏడు రిబ్బన్ లేనట్టే.

రాయిస్ చేతికర్ర పట్టుకుని మడి దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. వంగి మట్టి చూశాడు. లోపలికొచ్చి, మట్టి తవ్వే తోట ఫోర్క్ ఎక్కడుంది అని అడిగాడు. షెడ్లో అన్నాను. పంది ఒంటరిగానే వచ్చిందా అన్నాడు. ఒంటరిదే అన్నాను. ఊఁ అని కాఫీ తాగాడు.

తరవాత ఫోన్ తీసి బావగారికి చేశాడు. తనంతట తాను ఫోన్ చెయ్యడం జబ్బు తరవాత ఇదే మొదలు. మంచె ఎవరికీ ఇవ్వకు, ట్వైలాకి నేర్పాలి, అన్నాడు.

అక్టోబరు 14

రాయిస్ దాణా దుకాణంలో మా పంది మూడొందల పౌన్లని చెబుతుంటే విన్నాను. కళ్లారా చూశాడట.

నవంబరు 4, రాత్రి 9

సీజన్ మొదటి రోజు. మంచె మీద ఇద్దరం. పొగమంచు. తెల్లారాక కొమ్ముల జింక ఒకటి వాగు పక్కనుంచి వచ్చి నిలబడింది. కొట్టవే, అని గొణిగాడు. కంట్లో నలక పడిందన్నాను. పడలేదు. రెండు కళ్లూ నిండి ఉన్నాయి, అంతే. రైఫిల్ వాడి ఒళ్లో పెట్టాను.

మంచె కర్రకి ఆనించి కాల్చాడు. తప్పింది. జింక తెల్లతోక ఎత్తి చెట్లలోకి దూకింది. ఆ తోక మాయమయ్యేలోపే వాడి ఎడమచెయ్యి ఇంకో తూటా ఎక్కించేసింది. నేను గుర్తుపెట్టుకునేది అదీ.

క్యాంపులో అందరూ చప్పుడు విన్నారు. తప్పిందని రాయిసే చెప్పాడు. ఎవరూ కదల్లేదు. చొక్కాల గోడ వంక ఎవరూ చూడలేదు. ఈసారికి పోనీలే, మంచు ఎక్కువుంది అన్నారు బావగారు. అవునవును, అందులో లెక్కేముంది అన్నారు మిగతావాళ్లు. అందరి గొంతుల్లోనూ గుడ్డు పట్టుకున్న మెత్తదనం. రాయిస్ మొహం మార్చి నెల మొహమైపోయింది.

నేను గరిటె పడేసి కత్తెర తీశాను. చట్టమంటే చట్టమే, మిస్టర్ టార్ప్లీ, లేచి వెనక్కి తిరుగు, అన్నాను. ట్వైలా, వద్దు, అన్నారు బావగారు. మీ చొక్కా కూడా కొయ్యాలా అన్నాను.

రాయిస్ లేచాడు. తిరిగాడు. నేను అంచు దగ్గర ఆపలేదు. మెడ దాకా కోసేశాను. వీపంతా బయటపడింది.

అప్పుడు రాయిస్ నన్నూ, మా అమ్మనీ, ఆ కత్తెర చేసినవాడినీ కలిపి ఒక్క గుక్కలో తిట్టాడు. ఒక్క మాట ఇరుక్కోలేదు. గుడిసె కప్పు లేచిపోయేలా నవ్వారు. రాయిస్ కూడా, ఒక పక్క మూతితో. బావగారు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. నవ్వు వల్లేనని అడక్కుండానే చెప్పారు.

ఆ గుడ్డని రాయిసే గోడకి కొట్టాడు. ఎడమచేత సుత్తి. మేకు నేను పట్టుకున్నాను. ఒక దెబ్బ నా వేలి మీద పడింది. నేను అరవలేదు.

అబద్ధం. బ్రహ్మాండంగా అరిచాను.

నవంబరు 18

రాయిస్ జింకని పడగొట్టాడు. ఒక్క తూటా. నేను ముందు ఏడ్చి, తరవాత ఉల్లిపాయలతో కార్జం వేయించాను.

నవంబరు 23

కృతజ్ఞతల పండగ విందుకి దుంపలు కొట్లో కొన్నాను. నీలం రిబ్బన్ల ట్వైలా! ఇమోజీన్ పిన్నికి తెలిస్తే ఊరంతా చాటుతుంది.

షెడ్లోకి వెళితే తోట ఫోర్క్ కనిపించింది. పళ్లకి అంటిన మట్టి కడిగి, తుపాకీ నూనె రాసి ఉంది. పిడి మీద పెన్సిల్‌తో, బడిలో వేసిన కొత్త పిల్లాడి అంకెలతో, 300 పౌన్లు అని రాసి ఉంది.

పంది లేదు. ఎప్పుడూ లేదు. రెండుసార్లూ మడి తవ్వింది నేనే, నైటీ మీద.