నల్ల స్పీకర్లు వెనక్కి పంపకండి

ఏవండీ,

నాలుగింటికి షాపు నుంచి అరుళ్ వస్తాడు. ట్రయల్‌కి తెచ్చిన రెండు జతల టవర్ స్పీకర్లలో ఒకటి తీసుకుపోతాడు. నిన్న మీరు వద్దన్నారని నల్లవి ఇచ్చెయ్యకండి. చెక్కరంగువి ఇవ్వండి.

నల్లవాటిలో పాట పక్కింట్లోంచి వస్తున్నట్టుంది అన్నారు కదా. వాటికి అత్తయ్య పాత దుప్పటితో తొడుగులు కుట్టి వేశారు. "ఈడ రైలు దుమ్ము పడతాదే, కొత్త సామాను పాడైపోదా?" అంటున్నారు. గుడ్డ ఒక జతకే సరిపోయిందట. మీరు కళ్ళు మూసుకుని వింటారు కాబట్టి చూడలేదు. ఆపైన గంటసేపు బేస్ గురించి నాకు పాఠం!

పొద్దున తొడుగులు తీసి, స్పీకర్లను గోడకు మూరెడు దూరం జరిపి, ఫ్యాను తిరుగుతుండగానే విన్నాను. వీణ తీగ మీద వేలు జారడం కూడా తెలిసింది. చెక్కరంగువాటిలో మృదంగం డ్రమ్ములా మోగుతోంది, వంటింట్లో గిన్నెలు అదురుతున్నాయి. పైగా నల్లవే చవక.

అత్తయ్యను ఏమీ అనకండి, పాపం ముచ్చటపడి కుట్టారు. సాంబారు వేడి చేసుకోండి.

– మధుమిత

మరిచాను. పాట సరిగ్గా వినిపించేది మధ్యలో ఒక్క కుర్చీకే. ఈ సాయంత్రం అందులో నేను కూర్చుంటాను, మీరు కాఫీ పెట్టండి.