పెద్దగది ఎడమ గోడ

నా వయసు డెబ్భై ఆరు. మోకాళ్లు తప్ప మిగతావన్నీ ఇంకా నేను చెప్పిన మాట వింటున్నాయి. ఎవరి బలవంతమూ, ఎవరి మొహమాటమూ లేకుండా, పూర్తి తెలివితో, మా ఫోటో స్టూడియోలో నా బల్ల దగ్గర కూర్చుని సొంత చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను మరేదీ రాయలేదు. రాశానని ఎవరైనా కాగితం చూపిస్తే అది దొంగది. దీన్ని అమలు జరపవలసినవారు నా కూతురు, మా వీధిలో దస్తావేజులు రాసే పెద్దాయన. "క్లుప్తంగా రాయండమ్మా" అన్నారాయన. కుదరదు.

1. స్టూడియో, దాని పైనున్న రెండు గదులు నా తదనంతరం నా కూతురికి సర్వహక్కులతో చెందవలెను. రైలింజను నడిపే పిల్లకు స్టూడియో ఎందుకని చుట్టాలు అడుగుతారు. అద్దెకిచ్చుకుంటుందో, బట్టలు ఆరేసుకుంటుందో దాని ఇష్టం. ఫోటోలు కడిగే చీకటి గదిని మాత్రం వంటగదిగా మార్చకూడదు.

2. స్టూడియోలో ఉన్న నిలువుటద్దం మా పెద్ద తోడికోడలికి. "ఫోటోలు తీసే ఆడది సంసారం ఏం చేస్తుంది" అని నేను కాపురానికి వచ్చిన వారంలోనే ఆమె అన్న మాట నాకు గుర్తుంది. సంసారం చేశాను. అద్దం కోపంతో ఇవ్వడం లేదు. ఆమె అందగత్తె, ఇప్పటికీ.

3. గుహల ఫోటోలు మూడు వందల పన్నెండు, ఊరి గ్రంథాలయానికి. ఈ చరిత్ర కూడా వాటితో చేర్చి ఉంచవలెను.

నలభై ఒక్క ఏళ్ల కిందట మా ఆయన సున్నపురాయి క్వారీలో డ్రిల్లరు. ఒక పొద్దున రాతిలోకి దిగుతున్న కడ్డీ ఉన్నట్టుండి మూరెడు జారింది. రంధ్రం చుట్టూ ఉన్న దుమ్మంతా లోపలికి పీల్చుకుపోయింది. ఆయన యంత్రం ఆపేసి ఇంటికి పరిగెత్తుకొచ్చి, "కెమెరా పట్టుకుని రా, కొండ లోపల గది ఉంది" అన్నాడు. క్వారీలో కొలతలు తీసే మా మరిది టేపూ, దిక్సూచీ తెచ్చాడు. ముగ్గురం దిగాం. మొదటిదానికి చల్లగది అని పేరు పెట్టాం. దాని చివర ఒళ్లంతా ముడుచుకుని పాకవలసిన సందు మూడంకె. అది దాటితే పెద్దగది. మా దీపాల వెలుగు పైకప్పుదాకా అందలేదు.

ఊపిరి వదిలితే ఆవిరి ఫోటోలో పడుతుందని ముగ్గురం బిగబట్టుకుని నిలబడేవాళ్లం. చీకట్లో కెమెరా కన్ను తెరిచి ఉంచి ఫ్లాష్ బల్బు పేల్చేదాన్ని. వేడి బల్బులు మార్చబోయి కాల్చుకున్న మచ్చలు నా వేళ్ల మీద ఇంకా ఉన్నాయి. ఆ రోజుల్లో ఉన్నంత సంతోషంగా నేను మళ్లీ లేను.

4. నా పెద్ద కెమెరా, దాని మూడు కాళ్ల స్టాండు మా మరిదికి. ఇది కానుక కాదు, క్షమాపణ. వీలునామా మనిషి పోయాక చదివేది. ఈ అంశం మాత్రం నేనుండగానే చదవాలని దీని నకలు అతనికి ఇవాళే పంపుతున్నాను.

పెద్దగది కొలిచేటప్పుడు ఎడమ గోడ నుంచి చెంపకు గాలి తగిలిందని అతను తన మ్యాపులో రాసుకున్నాడు. మాకెవరికీ తగలలేదు. అప్పటి క్వారీ యజమాని "లోపల ఏముందో సాయంత్రంలోగా చూపించండి, లేకపోతే రేపు మందు పెట్టి పేల్చేస్తాం" అన్నాడు. నేను ఫిల్ము ఆరకముందే ప్రింటు వేశాను. ఆ ఫోటో చూసి ఆయన గుహల జోలికి రాలేదు. అందులో మా ఆయన మూడంకె వైపు, అంటే మా వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక మా కళ్లకు అందనిది ఫ్లాషుకు దొరికింది. కుడి గోడలో మనిషి ఎత్తున ఒక నల్లటి కన్నం.

తర్వాతి వారం, మేం మళ్లీ దిగకముందే, క్వారీలో ఇంకెక్కడో పేల్చితే ఆ అదురుకు పెద్దగది పైకప్పు పెచ్చులూడింది. రెండు గోడలూ రాళ్లగుట్టల కింద పడ్డాయి. "దారి ఎడమనుంది" అన్నాడు మా మరిది. "మా ఆవిడ ఫోటో అబద్ధమాడదు" అన్నాడు మా ఆయన. నేను కూడా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు కూర్చున్నాను. రెండు వేసవులు కుడి పక్కన తవ్వాం. కొండను తవ్వితే ఎలుకైనా దొరకలేదు. ఎడమ పక్క తవ్వమన్నందుకు అతని మ్యాపును అందరి ముందూ మా ఆయన చింపేశాడు. అన్నదమ్ములిద్దరూ ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు, మా ఆయన పోయేదాకా, మాట్లాడుకోలేదు.

పోయిన నెల, ఎవరికైనా ఇద్దామని మా ఆయన చొక్కా పెట్టెలోంచి తీశాను. ఫోటోలో ఉన్న చొక్కా అదే. నేనే కుట్టాను. జేబు ఎడమ వైపు ఉంది. తల ఎత్తి చూస్తే స్టూడియో గోడ మీది ఫోటోలో జేబు ఆయన కుడి రొమ్ము మీద ఉంది.

ఫిల్ముకు ఒక వైపు మెరుపు, ఒక వైపు మసక. అది చూసే ఏది పైకో తెలుసుకుంటాం. తడి ఫిల్ముకు రెండు వైపులా మెరుపే. ఆ సాయంత్రం తొందరలో తిరగేసి పెట్టి ప్రింటు వేశాను. ఆ తర్వాత ఎవరడిగినా ఆ ప్రింటుకే మళ్లీ ఫోటో తీసి ఇచ్చాను గాని, అసలు ఫిల్ము బయటికి తీయలేదు. ఇప్పుడు తీసి చూశాను. కన్నం ఎడమ గోడలోనే ఉంది. నలభై ఏళ్లు అద్దం ఎదురుగా కూర్చుని పని చేసినదాన్ని, కుడి ఎడమల దగ్గరే పప్పులో కాలేశాను. అన్నదమ్ములు విడిపోయింది నా వల్లే. నాకు చాలా సిగ్గుగా ఉంది.

5. ఆ చొక్కా మా మరిదికే. చేతులు కొంచెం పొడవవుతాయి. మడుచుకోవలెను.

6. ఇప్పటి క్వారీ యజమానికి నేను ఇచ్చేదేమీ లేదు, ఒక్క విన్నపం తప్ప. పెద్దగదికి అవతల దారి ఉందని ఏప్రిల్ పదిహేనులోగా చూపించకపోతే గుహలు పూడ్చి పైన లారీల రోడ్డు వేస్తానన్నావు. మీ నాన్నకు ఒక ఫోటో సరిపోయింది. మేం ఎడమ గోడ తవ్వేదాకా నువ్వు ఆగు.

ఇంతవరకు రాసి తొమ్మిది రోజులు సంతకం పెట్టకుండా ఉంచాను. ఆ తర్వాత జరిగింది కూడా వీలునామాలో భాగమే.

నకలు అందిన మర్నాడే మా మరిది వచ్చాడు. మా ఆయన పోయిన రోజు తర్వాత మళ్లీ ఇప్పుడే మా గుమ్మం తొక్కడం. చొక్కా చేతిలోకి తీసుకుని, జేబు మీద వేలు పెట్టాడు. తర్వాత "చొక్కా మడత విప్పడానికి నలభై ఏళ్లు పట్టిందా వదినా" అన్నాడు. నేను ఏడ్చాను. అతను కూడా.

చింపిన మ్యాపుకు అతని దగ్గర చిత్తుప్రతి ఉంది. మూడంకె నుంచి ఇరవై రెండు అడుగులు, ఎడమ. నా కూతురు సెలవు పెట్టి రాళ్లు తీసింది. అతను టేపు పట్టుకుని, డెబ్భై ఏళ్ల వయసులో, దాని పక్కనే కూర్చున్నాడు. నాలుగో రోజు పిడికెడు సందు దొరికింది. అక్కడ పట్టుకున్న పలచటి కాగితం, అవతలి ఖాళీలోకి గాలి లాగుతుంటే, లోపలికి వంగింది. యజమాని కూడా దిగి, చెయ్యి పెట్టి చూసుకుని, "పదిహేనో తేదీ మాట వదిలేయండి" అన్నాడు. అవతల ఎంత ఉందో ఇంకా తెలియదు. తెలిసేదాకా చావడానికి నాకు తీరిక లేదు.

ఒక చిక్కు వచ్చింది. సాక్షిగా సంతకం చేసినవారికి వీలునామాలో ఇచ్చినవేవీ చెల్లవని దస్తావేజుల పెద్దాయన చెప్పారు. ఇంకొకరిని పిలుద్దామన్నాను. మా మరిది ఒప్పుకోలేదు. "కెమెరాతో నాకేం పని, అది నా మాట ఎప్పుడు విన్నది గనక. పెన్నిటివ్వు" అన్నాడు. అందువల్ల కెమెరా, స్టాండు నా కూతురికి. చొక్కా మాత్రం వీలునామాతో పని లేకుండా ఇవాళే ఇచ్చేశాను. తొడుక్కునే సంతకం పెడుతున్నాడు.

తేదీ: మార్చి ఇరవై, గురువారం, మధ్యాహ్నం.

సంతకం: స్టూడియో యజమానురాలు, డ్రిల్లరు భార్య.

సాక్షులు:
దస్తావేజులు రాసే పెద్దాయన.
మ్యాపు గీసినవాడు. సరిగ్గానే గీసినవాడు.