మూడు బీప్‌లు

కుప్పం,
మార్చి 4

ప్రియమైన నాయనకు,

నువ్వు ఫోనెత్తవు, మెసేజ్‌కు జవాబియ్యవు. పుంగనూరు అత్త రామలక్ష్మమ్మనడిగితే "ఉత్తరం రాయమ్మా, చదువుతాడు" అనింది. నీకు చెప్పకుండా సాయిప్రసాద్‌ను పెళ్లి చేసుకున్నానని ఎనిమిది నెలలుగా ఇంత కోపమా? నాకిప్పుడు ఆరో నెల. ఈ మాటైనా నా నోటితో చెప్పనీయవా?

ఇంకోటి. మదనపల్లె అంగట్లో నువ్వు బిగించిచ్చిన కంప్యూటర్ పనిచేయడం లేదు. స్విచ్ వేస్తే మూడు బీప్‌లు కొడతాది, తెర మాత్రం నల్లగానే ఉంటాది. ఈడ జనాలకు అప్లికేషన్లన్నీ దాంట్లోనే పెడతాండాను. ఈడ రిపేరు షాపాయన బోర్డే పోయిందంటాడు. కూతురికి చెప్పకపోతే మానె, గిరాకీ అనుకోనైనా చెప్పు.

నీ సంగీత

మదనపల్లె,
మార్చి 9

నా చిట్టితల్లి సంగీతకు,

ఆరో నెలా! చదివి అంగడి మూసేసి కూర్చున్నా. బరువులెత్తొద్దమ్మా.

బోర్డు పోలేదు. వాని మాట నమ్మొద్దు. నోరులేని యంత్రం, తన బాధ బీప్‌లతో చెప్తాండాది. ముందు ప్లగ్గు పీకేసి పక్క రేకు విప్పు. లోపల పెద్దగా కనిపించేది మదర్‌బోర్డు. మిగతా కార్డులన్నీ దాని గాడుల్లో కూర్చొని ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. సన్నగా పొడుగ్గా ఉండేది ర్యామ్. రెండు కొసల క్లిప్పులు నొక్కి దాన్ని బయటికి తీయి. అంచున బంగారు రంగు పళ్లుంటాయి. స్కూలు పిల్లోళ్ల రబ్బరుతో వాటిని రుద్ది, పొడి దులిపి, మళ్లా గాడిలో టక్‌మనేదాకా నొక్కు.

బాగైనాక నాకొక పని చేసిపెట్టు. నేను పని నేర్పిస్తా ఉంటే నా మాటలు రికార్డు చేసినావే, "నాయన పాఠాలు" అని. అవి పెన్‌డ్రైవ్‌లో వేసి పంపు. ఫోన్ మాత్రం చేయొద్దు.

మీ నాయన,
లక్ష్మీపతి

కుప్పం,
మార్చి 15

ప్రియమైన నాయనా,

రుద్దినా. టక్‌మనింది. తెర వెలిగితే సంతోషంతో ఏడ్చేసినా.

ఆ పాఠాలు లేవు నాయనా. పెళ్లైన కొత్తలో రోజుకు పదిసార్లు ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు కడుపు మండి, నాతో పలకని మనిషి గొంతు నాకెందుకని అన్నీ తుడిపేసినా. వాటి చోట్లో గిరాకీల ఫైళ్లు నిండిపోయినాయి. నిన్న వెదికించినా, ఒక్కటీ దొరకలేదు. అయినా అవి నీకు యాల? నీ గొంతు నీ దగ్గరే ఉండాది కదా. ఒక్కసారి "అమ్మా" అంటే ఏం పోయింది?

సంగీత

మదనపల్లె,
మార్చి 20

బంగారు తల్లికి,

నా గొంతు నా దగ్గర లేదమ్మా.

గొంతులో గడ్డ లేసింది. నీ పెళ్లి కబురు వచ్చిన వారమే ఆపరేషన్ చేసి, మాటొచ్చే పెట్టె తీసేసినారు. సాయిప్రసాద్ మీద నాకే కోపమూ లేదు. కొత్త కాపురం వదిలేసి పరిగెత్తుకొస్తావని దాచినా. నీకు చెప్పొద్దని పుంగనూరు అత్తచేత ఒట్టేయించుకున్నా. మెసేజ్ పెడితే వెంటనే ఫోన్ చేస్తావు, ఎత్తి ఏం చేసేది? ఆడ నువ్వు "నాయనా, నాయనా" అంటా ఉంటే ఈడ నేను ఉత్త గాలి వదలాల్సిందే.

పుట్టే బిడ్డకు తాత గొంతు ఒక్కసారైనా వినిపించాలని ఆశపడినా. అందుకే అడిగినా. నీ జాబు చదివి రెండు దినాలు అన్నం సయించలేదు. అట్లని నీ మీద కోపం లేదు. తుడిపింది నువ్వే గానీ, తుడిపేటట్లు చేసింది నేను. ఇరవై ఏండ్లుగా ఊరందరి కంప్యూటర్లు తెరిచి, బోర్డు బాగుండాది, కార్డు బాగుండాది, మధ్యలో మురికి పట్టిందంతే అని చెప్పినోణ్ని. మన ఇంట్లో మాత్రం చూసుకోలేకపోయినా.

ఈ జాబు అందినాక ఫోన్ చేయి. ఎత్తుతా. బల్ల మీద మూడుసార్లు తడతా. అప్పుడు నువ్వు మాట్లాడమ్మా, ఆగకుండా మాట్లాడు. నేను వింటా.

నీ నాయన