నట్లు చూసినాకే బండెక్కు

పత్తికొండ,
శుక్రవారం ఉదయం.

ఎస్తేరక్కకు, చెల్లెలు మార్త వందనాలు. ప్రభువు కృపలో మేమంతా క్షేమం. నీ మోకాళ్లు ఎట్లున్నాయి? ఎప్పుడడిగినా బాగున్నాయనే అంటావు, ఈసారి నిజం రాయి. బావగారు మందులు వేళకు వేసుకుంటున్నారా?

కమలాపురం వదిలి కొడుకింటికి వచ్చినాక ఇల్లు కుదిరింది గానీ మనసు కుదరలేదు. ఈడ నీళ్లు ఉప్పన, గాలి నిండా దుమ్ము. సామేలు టమోటా బండితో, కోడలు బడికి, మనవరాలు కాలేజీకి పోతే మాట్లాడే మనిషి ఉండదు. గడపకూ కిటికీకీ తిరుగుతుంటాను. దిగులు పడొద్దు, బాగానే ఉన్నాను.

నిన్న సామేలు బండికి వెనక టైర్లు కొత్తవి వేయించినాడు. మన అలవాటు ప్రకారం సంఘం అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, బండి ముందర ఇంత నూనె రాసి పోయినారు. వీడు మిగిలిన నూనె తీసుకొని, నట్లు విప్పి బోల్టు మరలకంతా పూసినాడు. బండితో వచ్చిన పుస్తకం నేను చదివినాను. మరలు పొడిగా ఉండాలి. నూనె తగిలితే నట్టు మితిమీరి బిగుసుకొని బోల్టు విరిగే ప్రమాదముంది.

"తుడువు" అన్నాను.

"ప్రార్థన నూనెమ్మా, తుడిస్తే ఎట్ల?"

"ప్రార్థన బండికి చేసినారు, మరలకు కాదు."

"ఈడ గూడా బడి పెట్టినావా?" అని గొణుగుతూనే తుడిచినాడు.

జాకీ మీద ఉండగా నట్లన్నీ చేత్తో తిప్పించినాను. చక్రం నేలకు ఆనినాక ఎదురెదురు నట్లు బిగించమన్నాను. వరసగా బిగిస్తే చక్రం ఒరిగి కూర్చుంటుంది. పానా మీదెక్కి తొక్కబోతే దింపినాను. టైర్ల అంగడిలో, బిగువు ఎంతో చూపే కొలత పానాతో సరిచూపించుకొని వచ్చినాడు.

బండి కొంత దూరం నడిచినాక నట్లు వదులైనాయేమో మళ్లీ చూడాలి, అదొక్కటి మిగిలింది. "డోన్ కాడ ఆపి చూస్తాలేమ్మా" అంటాండాడు. వాడి "లే" సంగతి నీకు తెలుసు. నడిపేటప్పుడు ఫోను ఎత్తొద్దని నియమం పెట్టింది నేనే కాబట్టి, దారిలో అడగనూలేను.

ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. బయట మీ ఊరికి సరుకు ఎక్కిస్తున్నాడు. రేపు తిరుగు బండిలో నిన్ను తెస్తానన్నాడు. నీకు మంచం వేసిపెట్టి, దుప్పటి రెండుసార్లు మార్చినాను.

అయినా అక్కా, వాడు రాగానే ముందు మీ ఊరి టైర్ల అంగడికి పంపు. బావగారిని వెంట పంపు. "డోన్ కాడ అయిపోయింది పెద్దమ్మా" అంటే ఒప్పుకోవద్దు. అన్నం ఆ తర్వాతే. అంగడి మూసి ఉంటే నువ్వు బండెక్కొద్దు, వాణ్నీ కదలనీయొద్దు. నాకు ఎంత తోచకపోయినా ఇంకో రోజు గడప దగ్గరే కూర్చుంటాను.

బావగారికి, సంఘం పెద్దలకు నా వందనాలు చెప్పు. నీ ప్రార్థనలో మమ్మల్ని తలుచుకో, ముఖ్యంగా ఈ దారిని.

నీ చెల్లెలు,
మార్త