ఎర్రమట్టిలో నీలం బండి

ఫిబ్రవరి 3

మా ఆవిడ నోలీన్ బండి కొనేసింది. నన్ను అడగలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి నేను కుర్చీలో కూర్చుని క్రికెట్ చూస్తున్నాను కాబట్టి, అడుగుదామంటే ఇంట్లో మనిషెవరూ కనిపించలేదట. ఆ మాట కెల్విన్ ముందే అంది. కెల్విన్ నాతోపాటు లారీలు నడిపినవాడు. టీ పొలమారేదాకా నవ్వాడు.

బండి అంటే మోటార్‌హోమ్. వెనక మంచం, మధ్యలో పొయ్యి, పక్కన తలుపు తీస్తే టాయిలెట్. లోపలంతా గోధుమరంగు. గోడలు గోధుమ, కర్టెన్లు గోధుమ. కార్పెట్‌కి ఒకప్పుడు ఏదో రంగు ఉండేది. అమ్మిన ముసలాయన చుట్టలు కాల్చేవాడట. గోడలు ఇంకా కాలుస్తూనే ఉన్నాయి.

దీన్ని నడిపేదెవరని అడిగాను. స్టీరింగ్ ముందు కళ్ళు తిరిగి పడినవాణ్ణి నేను. లారీ లైసెన్సు ఇక రాదు. మామూలు బండి సంగతి కూడా జూన్‌లో శీతాకాలం వచ్చాక చూద్దామంది డాక్టర్.

నేనే నడుపుతాను అంది నోలీన్. నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఫిబ్రవరి 4

సముద్రానికి వెళ్ళాలట. నోలీన్ సముద్రం ఒడ్డున నంబక్కా హెడ్స్‌లో పుట్టింది. పెళ్ళయ్యాక నా వెంట ఎడారి అంచున ఉన్న ఈ కోబార్ వచ్చింది. ఇక్కడ నీళ్ళు కావాలంటే కుళాయి తిప్పాలి. ఎప్పుడు వెళ్దామన్నా నాకు లోడు ఉండేది. ఇప్పుడు లోడు లేదు కదా అంటోంది.

వెళ్ళేలోగా బండి లోపల బీచ్ దగ్గరి ఇల్లులా ఉండాలట. తెల్ల గోడలు, నీలం దిండ్లు, గవ్వలు, తాళ్ళు. పత్రికలోంచి బొమ్మలు చింపి ఫ్రిజ్‌కి అంటించింది. ఖర్చు మాత్రం కాకూడదు. నాకు జీతం ఆగిపోయింది కాబట్టి పాత సామాన్ల షాపులో దొరికినదీ, ఎవరైనా పారేసినదీ, అంతే.

నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ పని జరగదన్నాను. డాక్టర్ జాగ్రత్తగా చూసుకోమన్నది ఆ ప్రాణాన్నేనని గుర్తుచేసింది.

ఫిబ్రవరి 9

ప్రాణం ఉంది. పెయింట్ వచ్చింది.

ఫిబ్రవరి 11

గోడల్ని గరుకు కాగితంతో రుద్దకుండానే రంగు వేస్తోంది. నేను స్టూలు వేసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాను. నోరు మూసుకుందామనే కూర్చున్నాను. రెండో గోడ దాకా మూసుకున్నాను. నున్నటి పలక మీద రంగు నిలవదు నోలీన్, వారంలో పాము కుబుసంలా ఊడొస్తుంది అన్నాను. బ్రష్ నా ఒళ్ళో పెట్టి, అయితే నువ్వే కానివ్వు అని లోపలికి వెళ్ళి టీ పెట్టుకుంది. ఒక్క కప్పే పెట్టుకుంది.

రుద్దడం ఎలాగో చూపించడానికని ఒక మూల రుద్దాను. చూపించడానికే.

ఫిబ్రవరి 12

మొత్తం రుద్దాను. ఒక మూల మాత్రమే బాగుంటే మిగతాది చూడలేకపోయాను.

ఫిబ్రవరి 15

తెలుపులో ఇన్ని తెలుపులుంటాయని ఈ వయసులో తెలిసింది. పెయింట్ షాపులో అట్టముక్కలు వరసగా పెట్టారు. గుడ్డుపెంకు తెలుపు, మబ్బు తెలుపు, ఉప్పు తెలుపు. నోలీన్ తెచ్చింది ఆస్పత్రి తెలుపు. నేను అందులోంచే వచ్చాను, నాకు తెలీదా.

ఎవరో కలిపించుకుని వద్దని వదిలేసిన డబ్బా ఒకటి మూలన పడి ఉంటే సగం ధరకిచ్చారు. లేత నీలం, అందులో కాస్త ఆకుపచ్చ జీర. నిలబడి చాలాసేపు చూశాను. షాపు పిల్ల కుర్చీ తెచ్చిపెట్టింది.

నోలీన్‌కి చూపించాను. నీకు నచ్చిందా అంది. నచ్చిందన్నాను. అయితే వేయి అంది.

ఫిబ్రవరి 20

లోడు కట్టే తాళ్ళు షెడ్డులో ఊరికే పడి ఉన్నాయి. బల్ల కాలికి చుట్టాను. పైనుంచి కిందికి, సందు లేకుండా. ఓడలో బల్లలా వచ్చింది. అద్దం చుట్టూ కూడా చుట్టాను.

కెల్విన్ చెప్పకుండా వచ్చాడు. ఒరేయ్ లెస్, ఏం చేస్తున్నావురా అన్నాడు. తాడు చుడుతున్నానన్నాను. అద్దానికి తాడెందుకురా, పారిపోతుందా అన్నాడు. సముద్రం ఫీలింగ్ కోసం అన్నాను. నోట్లోంచి వచ్చేసింది, ఆపుకోలేకపోయాను.

సాయంత్రానికి క్లబ్బులో అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు నన్ను కెప్టెన్ అంటున్నారు. బీరు ఇచ్చే అమ్మాయి కూడా.

ఫిబ్రవరి 26

వంటమూలలో గోడకి అంటించే ప్లాస్టిక్ టైల్స్ చౌకగా దొరికాయి. చేపపొలుసుల డిజైను. పొద్దున అంటించాను. మధ్యాహ్నం నలభై నాలుగు డిగ్రీలు. జిగురు కరిగి పాకమైంది. ఒక్కో టైలూ నింపాదిగా జారి సింకులోకి దిగింది. చివరిది నోలీన్ టీ కాస్తుంటే కెటిల్ మీద పడింది. చేప ఉడికిందా చూడు లెస్ అంది.

షెడ్డులోంచి రేకుముక్కలు తెచ్చి స్క్రూలతో బిగించాను. రేకు పడదు. రేకు సంగతి నాకు తెలుసు.

మార్చి 5

నోలీన్ అక్క రోండా నంబక్కా నుంచి ఒక పెట్టె గవ్వలు పంపింది. ఎంత మంచి మనిషి. బండిలో మంచం కింద పెట్టాను.

మార్చి 6

పక్కింటి కుక్క మా గేటు దగ్గర పడుకుని లేవడం లేదు. బండిలో కంగారూ ఏదైనా చచ్చిందేమో చూడమని పక్కింటాయన ముక్కు మూసుకుని చెప్పాడు.

కొన్ని గవ్వల్లో ఇంటివాళ్ళు ఇంకా ఖాళీ చేయలేదు. రోండా కడగలేదు. నోలీన్ బజారుకెళ్ళిన టైం చూసి అన్నీ పెద్ద గిన్నెలో వేసి ఉడకబెట్టాను.

మార్చి 7

అది సూపు గిన్నె అట.

మార్చి 14

నోలీన్ బండి నేర్చుకుంటోంది. ఊరి మైదానంలో. నేను బయట నిలబడాలి, చేతులు ఊపకూడదు, కేకలు వేయకూడదు. అది ఒప్పందం.

రివర్స్‌లో కెల్విన్ తెచ్చిపెట్టిన చెత్తడబ్బాల మధ్యకి రావాలి. మొదటిసారి ఒక డబ్బా పడింది. రెండోసారి రెండూ పడ్డాయి. మూడోసారి డబ్బాలు నిలబడ్డాయి, కెల్విన్ గడ్డిలో పడ్డాడు, భయంతో తనే గెంతాడు. నేను చేతులు జేబుల్లో కుక్కుకుని నిలబడ్డాను. జేబు చిరిగింది.

సాయంత్రానికి తిన్నగా పెట్టేసింది. ఒక్క అంగుళం అటూ ఇటూ లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి నా వంక చూసింది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ఇంటికొచ్చాక తిండి సయించలేదు. నాకు వచ్చిన పని ఒక్కటే. అది ఆమెకి ఒక్క రోజులో వచ్చేసింది.

మార్చి 22

దిండ్లు. నీలం చారల దుప్పటి ఒకటి పాత షాపులో దొరికితే నోలీన్ కవర్లు కుట్టింది. ఒక దిండు మీద చారలు నిలువుగా, ఇంకోదాని మీద అడ్డంగా వచ్చాయి. విప్పి మళ్ళీ కుట్టమన్నాను. ఏం, పడుకున్నవాడు చారలు లెక్కపెడతాడా అంది. కన్ను అక్కడే ఆగిపోతుంది నోలీన్, ప్రవాహం పోతుంది అన్నాను.

సూది పక్కన పెట్టింది. లెస్, నువ్వు లారీ నడిపేటప్పుడే నయం, వారానికి ఐదు రోజులు ఇంట్లో ఉండేవాడివి కాదు అంది.

నేనే విప్పి కుట్టాను. చేత్తో.

ఏప్రిల్ 1

గవ్వల కోసం మొదలుపెట్టిన అలమర పూర్తయింది. మంచం పక్క గోడంతా. గాజు సీసాల్లో గవ్వలు, నీలం సీసాలు, చెక్క సముద్రపక్షి ఒకటి. స్క్రూ తలలు కనిపిస్తే అందం పోతుందని మంచి జిగురుతో అతికించాను. చల్లబడే రోజులు కదా, ఆగుతుంది. గుమ్మంలో స్టూలు వేసుకుని చీకటిపడేదాకా చూశాను.

ఏప్రిల్ 6

బయలుదేరాం. కెల్విన్ గేటు దగ్గర నిలబడి సెల్యూట్ కొట్టాడు. నోలీన్ నడుపుతోంది. నేను పక్కసీట్లో.

పక్కసీటు నుంచి రోడ్డు వేరేగా ఉంటుంది. నింగన్ రోడ్డు మీద లేని బ్రేకు తొక్కీ తొక్కీ కాలు వాచింది.

ఏప్రిల్ 8

ఆర్మిడేల్. చలి. రేపు డొరిగో కొండ దిగాలి. ఆ దారిలో నేను చాలాసార్లు దిగాను. నిద్ర పట్టడం లేదని నోలీన్‌కి చెప్పలేదు. ఆమె గురక పెడుతోంది.

ఏప్రిల్ 9

దిగాం. రాయాలి.

డొరిగో దాటగానే వాన. ఒకవైపు కొండ, ఒకవైపు ఏమీ లేదు. మలుపు మీద మలుపు. సెకండ్ గేరులో పెట్టు అన్నాను. పెట్టాను అంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకు, కాలిపోతుంది అన్నాను. లెస్, ఇంకొక్క మాటంటే నిన్ను ఇక్కడే దింపేస్తాను అంది. మాటల్లో వణుకు ఉంది. చేతుల్లో లేదు.

అప్పుడు వెనక టక్ మంది. తిరిగి చూశాను. అలమర ఒక పక్క గోడని వదిలేసింది.

ఆపమన్నాను. ఎక్కడ ఆపాలి, వెనక పాలట్యాంకరు ఉంది. బెల్టు విప్పాను. వెళ్ళి రెండు చేతులతో అలమరని పట్టుకోవాలనుకున్నాను. నోలీన్ రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. బెల్టు పెట్టుకో అంది. నా గవ్వలు అన్నాను. నీ గవ్వలు పోతే పోయాయి, నువ్వు లేచి నిలబడితే నేను నిన్ను చూడాలా రోడ్డుని చూడాలా, కూర్చో లెస్, నువ్వు ఒకసారి పడ్డావు, చాలు అంది.

కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను.

తర్వాతి మలుపుకి మొదటి సీసా పడింది. ఆ తర్వాత నీలం సీసాలు, వరసగా. తర్వాత అలమర మొత్తం. ప్రతి మలుపుకీ గవ్వలు అటునుంచి ఇటు దొర్లి మళ్ళీ అటు పోయాయి. అచ్చం అలల చప్పుడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ముందు నోలీన్ నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకోకుండా, చెయ్యి తియ్యకుండా, కొండ కిందిదాకా దింపింది. బెల్లింజన్‌లో బండి ఆపి ఇంజను కట్టేసి, అప్పుడు వణికింది. చేతులు పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను.

నలభై ఏళ్ళు లోడు కట్టాను. ఒక్క డబ్బా పడలేదు. స్క్రూ తలల కోసం ఇంత చేసుకున్నాను.

ఏప్రిల్ 10

నంబక్కా హెడ్స్. బండి సముద్రానికి ఎదురుగా పెట్టింది, ఒక్కసారికే. దిగీదిగగానే చెప్పులు వదిలేసి నీళ్ళలోకి వెళ్ళిపోయింది, స్కర్టుతోనే.

నేను గాజుముక్కలు ఊడ్చాను. ఆమె తడిబట్టలతో వచ్చి ఖాళీ గోడ చూసి, ఇప్పుడు హాయిగా ఉంది అంది. ఏంటి హాయి అన్నాను. చెప్పకూడదనుకుందట. కానీ ఆ నీలం రంగుతో, ఆ సీసాలతో పళ్ళడాక్టర్ దగ్గర కూర్చునే గదిలా ఉండేదట. మొదటి రోజు నుంచీ అలాగే అనిపిస్తోందట.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాను. నువ్వు కుర్చీలోంచి లేచావు, ఆకుపచ్చ చారలూ నల్లచుక్కలూ వేసినా ఊరుకునేదాన్ని అంది.

అది మెచ్చుకోలా, తిట్టా?

ఏప్రిల్ 11

ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. సముద్రం బాగానే ఉంది.

ఏప్రిల్ 13

పక్కన ఆగి ఉన్న మోటార్‌హోమ్ ఆవిడ పేరు బెవర్లీ. ఇక్కడే పుట్టి పెరిగింది. పంచదార అడగడానికి వచ్చి లోపలికి తొంగిచూసింది. బల్ల కాలి తాడుని చేత్తో తడిమింది. రేకుల్ని తడిమింది. ఎవరు చేశారమ్మా అని నోలీన్‌ని అడిగింది. ఇంకెవరు, మా ఆయనే, నాకు దిండు చారలు కూడా కలపడం రాదు అంది నోలీన్. రెండు రోజులకి అదే మొదటి మాట, అదీ నాతో కాదు.

బెవర్లీకి సముద్రం రంగు చూసి చూసి విసుగొచ్చిందట. వచ్చే నెల ఎడారి వైపు వెళ్తారట. బండి లోపల ఎర్రమట్టి రంగు వేయించాలట. డబ్బు పెద్దగా లేదట. ఎర్రరంగులో కూడా చాలా రకాలుంటాయటగా, మీకేమైనా తెలుసా అంది.

కుర్చీ జరుపుకుని కూర్చోమన్నాను. మా ఊరి ఎర్రమట్టి రంగు గురించి మాట్లాడాను. వాన పడ్డాక ఒకలా, పొద్దు వాలేటప్పుడు ఇంకోలా, లారీ వెనక దుమ్మై లేచినప్పుడు మరోలా. పంచదార తీసుకెళ్ళడం మర్చిపోయింది.

నోలీన్ టీ పెట్టింది. మూడు కప్పులు.

ఏప్రిల్ 15

పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాను. పనికి వెళ్తున్నా అన్నాను. నోలీన్ మాంసం సాండ్‌విచ్‌లు కాగితంలో చుట్టి, ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది.

పక్క బండికే.