ఇంటిబండికి కొత్త టైర్లు

మార్తా, దారిలో ఈ టుకంకారీ ఊళ్లో మేమిద్దరం క్షేమమే, బండికే బాగోలేదు. నిన్న రహదారి మీద, పడకా వంటా అన్నీ లోపలే ఉండే మా ఇంటిబండి ముందు టైరు పేలింది. టైర్లకు ఏడేళ్లు దాటాయని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. మీ నాన్న మజిలీ మజిలీకీ వాటిని కాలితో తన్ని, "గ్రిప్పు దండిగా ఉంది, నువ్వూరుకో" అన్నారు. ఏడాదిలో పది నెలలు ఎండలో నిలబడే బండికి గ్రిప్పు అరగదు, రబ్బరు పెళుసెక్కుతుంది. ఇక్కడి కొట్టులో "కొత్తవి" అని తెచ్చిన టైర్ల మీద తయారీ తేదీ చదివితే అవీ అయిదేళ్ల కిందటివే!

"వయసు చూడటానికి ఇదేమన్నా గుర్రమా అమ్మగారూ?" అన్నాడు కొట్టతను.

"గుర్రమైతే కుంటుతుంది నాయనా, ఇది పేలుతుంది" అని తిప్పి పంపాను.

సరైనవి శనివారానికి గానీ రావు. కాబట్టి ఆదివారం నీ బిడ్డ బాప్తిస్మానికి అందుకోలేం. పాస్టరుగారిని ఒక్క వారం ఆగమని అడుగు. కుదరకపోతే మా కోసం ఆపవద్దు. నా టమాటా మొక్కలకు నీళ్లెవరు పోస్తున్నారు? బిడ్డకు నా దీవెనలు. మీ నాన్న తన ముద్దులు కూడా రాయమంటున్నారు. కోపం తగ్గాక రాస్తాను.

అమ్మ